ఇంటి కంప్యూటర్‌కు తాళం ఎలా వచ్చింది

2000-2002 మధ్య ఎంఐటీ విద్యార్థులిద్దరు, సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్, ఎవరెవరో వాడి అమ్మేసిన హార్డ్ డిస్కులు కొనడం మొదలుపెట్టారు. మొత్తం 158 పోగయ్యాయి. వాటిలో 129 చదవడానికి వీలుగా ఉన్నాయి. లోపల ఏముందో చూస్తే అయిదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, జనం వైద్యం చేయించుకున్న వివరాలు, సొంత ఉత్తరాలు బయటపడ్డాయి. ఒక డిస్కయితే ఏటీఎం యంత్రంలోంచి వచ్చింది, బ్యాంకు ఖాతాల వివరాలతో సహా. సరిగ్గా తుడిచి అమ్మినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో చాలా డిస్కుల మీద ఫైళ్లు తీసేసిన గుర్తులున్నాయి, ఏకంగా ఫార్మాట్ చేసినవీ ఉన్నాయి. అంటే అమ్మినవాళ్లు తమ వంతు జాగ్రత్త పడ్డామనే అనుకున్నారు. ఈ పరిశోధన 2003 జనవరిలో అచ్చయింది.

తప్పు వాళ్లదని నేను అనను. ఇంటి కంప్యూటర్ పుట్టుకే అలాంటిది. 1981లో ఐబీఎం పీసీతో పాటు వచ్చిన డాస్‌లో ఒక ఫైలు తీసేయమంటే, పేర్ల పట్టికలో ఆ ఫైలు పేరు మొదటి అక్షరాన్ని మార్చి, ఇక ఈ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకునేది. అంతకు మించి ఏమీ చేసేది కాదు. లోపలి విషయం దాని మీద ఇంకొకటి రాసేదాకా అక్కడే పడి ఉండేది. విండోస్ 95 వచ్చాక తెర మీద పాస్‌వర్డ్ అడిగే పెట్టె కనిపించింది, ఎస్కేప్ మీట నొక్కితే అది తప్పుకునేది. విండోస్ ఎక్స్‌పీ గట్టిగానే అడిగింది. అయినా డిస్కు ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ చదువుకోవచ్చు. పాస్‌వర్డ్ వాకిలి దగ్గర నిలబడిందే గాని, ఫైలులోని అక్షరాల దాకా వెళ్లలేదు.

ఫైలు ఎవరి చేతికి చిక్కినా చదవలేకుండా ఉండాలంటే ఒకటే దారి. అందులోని ప్రతి అక్షరాన్నీ ఒక రహస్య సంఖ్య సాయంతో తారుమారు చేసి డిస్కు మీద రాయాలి. ఆ సంఖ్య తెలిసినవాళ్లకే అది మళ్లీ ఫైలుగా కనిపించాలి. ఎన్‌క్రిప్షన్ అంటే ఇదే. సైన్యాలు, రాయబార కార్యాలయాలు శతాబ్దాలుగా వాడుతున్న విద్య. అది మన బల్ల మీది కంప్యూటర్ దాకా వచ్చిన దారి చాలా మలుపులు తిరిగింది. దారి పొడవునా ఒకే తగాదా నడిచింది: తాళం గుట్టుగా తయారు చేస్తే గట్టిదవుతుందా, అందరి ముందూ తయారు చేస్తే గట్టిదవుతుందా?

దీనికి జవాబు 1883లోనే వచ్చింది. పారిస్‌లో జర్మన్ భాష నేర్పే డచ్చి పండితుడు ఆగస్ట్ కెర్కాఫ్స్ ఒక సైనిక పత్రికలో రాస్తూ, సంకేతలిపి పద్ధతి మొత్తం శత్రువు చేతికి చిక్కినా నష్టం లేకుండా ఉండాలనీ, దాచవలసింది తాళంచెవి ఒక్కటేననీ సూత్రం చెప్పాడు. మన ఇళ్లలోని ఇనప బీరువా అలాంటిదే. దాని తాళం ఎలా పనిచేస్తుందో చేసిన కంపెనీలో అందరికీ తెలుసు, నా బీరువా తెరుచుకునేది మాత్రం నా దగ్గరున్న చెవితోనే. చెప్పడానికి తేలికైన ఈ మాటను ప్రభుత్వాలు ఒప్పుకోవడానికి దాదాపు మరో వంద సంవత్సరాలు పట్టింది.

1970ల మొదట్లో బ్యాంకులు కంప్యూటర్ల ద్వారా డబ్బు పంపడం పెరిగింది. ప్రజలందరూ వాడుకోదగ్గ ఒక ప్రామాణిక సంకేతపద్ధతి కావాలని అమెరికా ప్రమాణాల సంస్థ 1973లోనూ, మళ్లీ 1974లోనూ ప్రకటన ఇచ్చింది. ఐబీఎంలో జర్మనీ నుంచి వచ్చిన హోర్స్ట్ ఫైస్టెల్ అంతకు ముందే లూసిఫర్ అనే పద్ధతి రూపొందించి ఉన్నాడు. దాన్ని సానబట్టి ఐబీఎం పంపింది. 1977 జనవరిలో అది డెస్ అనే పేరుతో అమెరికా ప్రమాణమైంది. పద్ధతి అంతా పుస్తకంగా అచ్చువేసి అందరికీ ఇచ్చారు. ఒక ప్రభుత్వం సంకేతపద్ధతిని ఇలా బహిరంగంగా ప్రజలకివ్వడం అప్పటికి పెద్ద సంగతి.

అయితే తాళంచెవి పొడవు దగ్గర గొడవ మొదలైంది. లూసిఫర్‌లో చెవి, అంటే ఆ రహస్య సంఖ్య, 128 బిట్లు (సున్నా-ఒకట్లు) ఉండేది, డెస్‌లో అది 56 బిట్లకు కుదించుకుపోయింది. అంత చాలునని ఐబీఎంను ఒప్పించింది అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏనే అని 1978లో సెనేట్ సంఘం విచారణలో తేలింది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అప్పటికే గొంతెత్తారు. 56 బిట్లంటే వీలయ్యే చెవులు సుమారు 72 వేల లక్షల కోట్లు. మనిషికి అది అంతులేని సంఖ్య. కానీ రెండు కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి యంత్రం కడితే ఒక్కరోజులో అన్ని చెవులూ వరసగా పెట్టి చూడొచ్చని వాళ్లు 1977లో లెక్క గట్టి చూపారు. అంత డబ్బు ఎవరి దగ్గరుంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ న్యాయంగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. డెస్ లోపల అక్షరాలను తారుమారు చేసే పట్టికలను కూడా ఎన్‌ఎస్‌ఏ చెడగొట్టి ఉంటుందని చాలామంది ఏళ్ల తరబడి అనుమానించారు. 1990 ప్రాంతంలో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ఏలీ బిహామ్, అడీ షమీర్ సంకేతపద్ధతులను బద్దలుకొట్టే ఒక కొత్త ఉపాయం కనిపెట్టారు. దాన్ని ప్రయోగించి చూస్తే డెస్ పట్టికలు విచిత్రంగా తట్టుకు నిలబడ్డాయి. ఆ ఉపాయం తమకు 1974లోనే తెలుసనీ, దాన్ని తట్టుకునేలాగే పట్టికలు కట్టామనీ, ప్రభుత్వం కోరిక మీద ఆ రహస్యాన్ని బయటపెట్టలేదనీ ఐబీఎం శాస్త్రజ్ఞుడు డాన్ కాపర్‌స్మిత్ 1994లో రాశాడు. పట్టికలు బాగు చేశారు, చెవిని పొట్టిగా ఉంచారు. రెండూ నిజమే. కానీ ఆ మంచి పని చీకట్లో చేసినందువల్ల ఇరవై ఏళ్ల పాటు జనం దాన్ని కూడా కుట్రగానే చూశారు.

సరిగ్గా డెస్ వచ్చిన రోజుల్లోనే ఇంకొకచోట మరో ముఖ్యమైన సంగతి బయటపడింది. బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ తమ యూనిక్స్ యంత్రాలు వాడేవాళ్ల పాస్‌వర్డులు 3,289 పోగుచేసి పరిశీలించారు. వాటిలో 86 శాతం ఇట్టే ఊహించదగ్గవని తేలింది: ఒకటి రెండు అక్షరాలవి, చిన్న మాటలు, నిఘంటువులో దొరికేవి. మనిషి గుర్తుపెట్టుకోగలిగిన మాట ఎప్పుడూ బలహీనమే అని గ్రహించి వాళ్లు 1979లో రెండు మందులు చెప్పారు. ఒకటి, పాస్‌వర్డును సరిచూసే లెక్క కావాలనే నెమ్మదిగా సాగాలి. సొంతదారు ఒక్కసారి ఆ ఆలస్యం భరిస్తాడు, దొంగ కోట్లసార్లు భరించాలి. రెండు, ప్రతివాళ్ల పాస్‌వర్డుకీ కొన్ని యాదృచ్ఛిక అంకెలు కలపాలి, అప్పుడు ఒకరి కోసం చేసిన లెక్క ఇంకొకరి మీద పనికిరాదు. ఈనాడు మన డిస్కు తాళాలన్నిటిలోనూ ఈ రెండూ ఉన్నాయి.

1980లు గడిచిపోయాయి. కంప్యూటర్లు ఇళ్లలోకి వచ్చాయి. సామాన్యుడి ఫైలుకు మాత్రం సరైన తాళం రాలేదు.

దాన్ని ఇంటికి చేర్చినవాడు ఫిల్ జిమ్మర్‌మన్. కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో ఉండే ప్రోగ్రామర్, అణ్వాయుధాలకు వ్యతిరేకంగా ఉద్యమాల్లో తిరిగినవాడు. ప్రభుత్వాన్ని ఎదిరించే చిన్న బృందాల దగ్గర, హక్కుల కార్యకర్తల దగ్గర ఉండే కాగితాలు ఎంత ప్రమాదమో అతనికి తెలుసు. 1991లో అమెరికా సెనేట్‌లో ఒక బిల్లు వచ్చింది. సమాచార పరికరాలు తయారుచేసేవాళ్లు ప్రభుత్వం అడిగితే మామూలు అక్షరాల్లో సమాచారం ఇవ్వగలిగేలా ఉండాలన్నది అందులో ఒక వాక్యం. అది చట్టమైతే ఇక బలమైన తాళం చేయడమే నేరమవుతుందని జిమ్మర్‌మన్ భయపడ్డాడు. చట్టం రాకముందే తాళాన్ని జనం చేతుల్లో పెట్టేయాలని పంతం పట్టాడు. ఉద్యోగాలు పక్కన పెట్టి, ఇంటి అప్పు వాయిదాలు అయిదు ఎగ్గొట్టి ఆ ఏడాది జూన్‌లో ప్రోగ్రాము పూర్తిచేశాడు. పేరు పీజీపీ. ఉచితంగా పంచిపెట్టాడు. ఉత్తరాలకు తాళం వేయడం దాని ముఖ్యమైన పని, కానీ ఇంట్లోని ఒక ఫైలుకు ఒక పాస్‌వర్డుతో తాళం వేసుకునే వీలూ అందులో ఉంది.

మొదటి పీజీపీలో జిమ్మర్‌మన్ తాను సొంతంగా అల్లిన సంకేతపద్ధతినే వాడాడు. ఆ వేసవిలోనే ఒక సదస్సులో ఏలీ బిహామ్‌కు చూపిస్తే, కూర్చున్న చోటే దాని బలహీనతలు ఎత్తి చూపాడట. జిమ్మర్‌మన్ దాన్ని దాచుకోలేదు, వెనకేసుకు రాలేదు. తన పద్ధతిని తీసేసి స్విట్జర్లాండ్‌లో పుట్టిన, నిపుణులు పరీక్షించిన ఐడియా అనే పద్ధతిని పెట్టి 1992లో రెండో రూపం విడుదల చేశాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా గౌరవం కలిగించే ఘట్టం ఇది. తాళం చేసేవాడికి ఉండాల్సిన మొదటి గుణం తన తాళాన్ని పగలగొట్టగలవాడి దగ్గరికి తానే వెళ్లడం.

అప్పట్లో అమెరికా చట్టం బలమైన ఎన్‌క్రిప్షన్‌ను ఆయుధాల జాబితాలో పెట్టింది. పీజీపీ దేశం దాటిపోయింది కాబట్టి అనుమతి లేకుండా ఆయుధం ఎగుమతి చేశాడేమోనని 1993లో జిమ్మర్‌మన్ మీద విచారణ మొదలుపెట్టారు. మూడేళ్లు నడిచి 1996 జనవరిలో అభియోగం లేకుండానే ముగిసింది. ఈలోగా ఒక గడుసు ఉపాయం పుట్టింది. ప్రోగ్రామును ఫ్లాపీలో పంపితే ఆయుధమంటున్నారు, మరి పుస్తకంగా అచ్చువేస్తే? పుస్తకానికి అమెరికా రాజ్యాంగ రక్షణ ఉంది కదా. 1995లో ఎంఐటీ ముద్రణాలయం పీజీపీ ప్రోగ్రాము మొత్తాన్ని పుస్తకంగా వేసింది. 1997లో తర్వాతి రూపాన్ని 12 సంపుటాలుగా, ఆరువేల పైచిలుకు పేజీలుగా అచ్చువేసి యూరప్‌కు తీసుకెళ్లారు. అక్కడ డెబ్బై మందికి పైగా స్వచ్ఛందంగా కూర్చుని, నార్వే కుర్రాడు స్టాలె షూమాకర్ నాయకత్వంలో పేజీ పేజీ స్కాన్ చేసి, అచ్చుతప్పులు దిద్ది, మళ్లీ ప్రోగ్రాముగా మార్చారు. వెయ్యి గంటలకు పైగా పని. ఎవరికీ జీతం లేదు. 2000 జనవరికి అమెరికా ఆ ఎగుమతి నిబంధనలను చాలా వరకు సడలించింది.

అదే కాలంలో డెస్ కూలిపోయింది. జాన్ గిల్మోర్, పాల్ కోచర్ చేతుల మీదుగా ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ అనే పౌరహక్కుల సంస్థ 1998లో ఒక యంత్రం కట్టించింది. 1,856 ప్రత్యేక చిప్పులు, సెకనుకు దాదాపు తొమ్మిది వేల కోట్ల చెవులు పరీక్షించే వేగం. ఖర్చు రెండున్నర లక్షల డాలర్ల లోపే. ఆ జులైలో 56 గంటల్లో అసలు చెవి దొరికింది. డెస్ ఇంకా భద్రమే అని అప్పటిదాకా చెబుతూ వచ్చిన అధికారులకు ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. డిఫీ, హెల్‌మన్ మొదట అన్న మాట ఇరవై ఏళ్ల తర్వాత యంత్రం రూపంలో ఎదురుగా నిలబడింది.

ఇక్కడ అమెరికా ప్రమాణాల సంస్థ చేసిన పనిని మెచ్చుకుని తీరాలి. డెస్ చుట్టూ ముసిరిన అనుమానాల నుంచి పాఠం నేర్చుకుని, 1997లో కొత్త ప్రమాణం కోసం ప్రపంచమంతటినీ పోటీకి పిలిచింది. ఏ దేశం వాళ్లయినా రావచ్చు. పద్ధతి మొత్తం బయటపెట్టాలి. నెగ్గితే దాని మీద హక్కు డబ్బు అడగకూడదు. 1998 ఆగస్టుకు 15 పద్ధతులు బరిలో నిలిచాయి. కాలిఫోర్నియా, రోమ్, న్యూయార్క్‌లలో సదస్సులు జరిగాయి. అక్కడ ఒకరి పద్ధతిని ఇంకొకరు చీల్చి చెండాడడమే పని. జర్మనీ టెలిఫోన్ సంస్థ తెచ్చిన మాజెంటా అనే పద్ధతిని మొదటి సదస్సులోనే, దాన్ని సభలో వివరించిన రోజునే, ప్రేక్షకుల్లో కూర్చున్న నిపుణులు పగలగొట్టేశారు. చివరికి అయిదు మిగిలాయి. 2000 అక్టోబరు 2న విజేతను ప్రకటించారు: బెల్జియం దేశస్థులు జోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన రైన్‌డాల్. 2001 నవంబరులో అది ఏఈఎస్ అనే పేరుతో ప్రమాణమైంది. తన రహస్యాలకు వేసుకునే తాళాన్ని అమెరికా ఇద్దరు విదేశీ యువకుల దగ్గర తీసుకుంది. అందరి కళ్లముందూ దెబ్బలు తిని నిలిచినందుకే తీసుకుంది. 2003లో ఎన్‌ఎస్‌ఏ సైతం తమ అత్యంత రహస్య పత్రాలకు దాన్ని వాడుకోవచ్చని ఒప్పుకుంది.

ఏఈఎస్‌లో అతి చిన్న చెవి 128 బిట్లు. వీలయ్యే చెవుల లెక్క రాస్తే 39 అంకెలొస్తుంది. డెస్‌ను 56 గంటల్లో విప్పిన యంత్రాలు కోట్లు పెట్టినా ఇక్కడ చేయగలిగింది లేదు. మీ ఫోనులో, మీ బ్యాంకు వెబ్‌సైటులో, మీ ల్యాప్‌టాప్‌లో ఇవాళ పనిచేస్తున్నది ఇదే.

మంచి పద్ధతి ఉంది సరే, దాన్ని ఇంట్లో వాడేదెలా? ఒక్కో ఫైలుకూ తాళం వేసి, చదవాలంటే తీసి, మళ్లీ వేసే ఓపిక ఎవరికీ ఉండదు. తీసిన ఫైలును చెరపడం మరిచిపోతే మొదటికే మోసం. ఈ చిక్కుకు పరిష్కారం డిస్కు స్థాయిలోనే తాళం వేయడం. పాస్‌వర్డు ఒకసారి ఇస్తే, డిస్కు మీద రాసేటప్పుడు ప్రతి ముక్కా దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, చదివేటప్పుడు విప్పుకుంటుంది. వాడేవాళ్లకు తేడా తెలియదు. 1990ల చివర్లో విండోస్ కోసం ఇలాంటి ఉచిత ప్రోగ్రాములు కొన్ని వచ్చాయి. వాటిలో ఇ4ఎం అనేది పాల్ లెరూ అనే ప్రోగ్రామర్ రాసింది. దాని మీద కట్టిందే 2004 ఫిబ్రవరిలో వచ్చిన ట్రూక్రిప్ట్. రాసినవాళ్లెవరో పేరు చెప్పుకోలేదు. పదేళ్లపాటు ప్రపంచంలో లక్షలాది మంది పాత్రికేయులు, లాయర్లు, మామూలు గృహస్థులు తమ కాగితాలు దాచుకున్నది అందులోనే.

దాని బలం ఎంతో బ్రెజిల్‌లో తెలిసింది. 2008లో అక్కడి పోలీసులు ఆర్థిక నేరాల మీద ఒక పెద్ద దాడి చేశారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సత్యాగ్రహ. ఒక బ్యాంకర్ ఇంట్లో అయిదు హార్డ్ డిస్కులు దొరికాయి. అక్కడి నిపుణులు అయిదు నెలలు ప్రయత్నించి చేతులెత్తేసి అమెరికా ఎఫ్‌బీఐకి పంపారు. ఏడాది గడిచాక 2010లో డిస్కులు తెరుచుకోకుండానే తిరిగొచ్చాయి.

ఇ4ఎం రాసిన లెరూ సంగతి వేరే. అతను తర్వాత మాదకద్రవ్యాల, ఆయుధాల వ్యాపారంలోకి దిగి అంతర్జాతీయ నేరసామ్రాజ్యం నడిపాడు. 2012లో లైబీరియాలో పట్టుబడ్డాడు, 2020లో అమెరికా కోర్టు 25 ఏళ్ల జైలుశిక్ష వేసింది. పునాది వేసినవాడు అలాంటివాడు, పైన కట్టినవాళ్లు అజ్ఞాతులు. ఇలాంటి తాళాన్ని నమ్మడమెలా? ఎన్‌ఎస్‌ఏ నిఘా గురించి స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో ప్రపంచం ఉలిక్కిపడిన 2013లో ఈ ప్రశ్న చాలామందిని కలవరపెట్టింది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలోని మాథ్యూ గ్రీన్, కెన్నెత్ వైట్ అనే నిపుణుడు చందాలు పోగుచేసి, ట్రూక్రిప్ట్ ప్రోగ్రామును వరస వరసా పరీక్ష చేయించారు. పరీక్ష సగంలో ఉండగా, 2014 మే 28న ట్రూక్రిప్ట్ కర్తలు ఇది ఇక భద్రం కాదని నాలుగు ముక్కలు రాసి దుకాణం కట్టేశారు. ఎందుకో ఇప్పటికీ స్పష్టంగా చెప్పలేదు. అయినా పరీక్ష ఆగలేదు. 2015 ఏప్రిల్‌లో ఫలితం వచ్చింది: కొన్ని లోపాలున్నాయి, కావాలని పెట్టిన దొంగదారి ఆనవాళ్లు లేవు. తాళం మీద నమ్మకం చేసినవాడి మంచితనం వల్ల వచ్చేది కాదని, పరీక్ష వల్లే వస్తుందని ఇంతకన్నా తేటగా రుజువు చేసిన ఉదంతం నాకు తెలియదు. ఆ ప్రోగ్రామును తీసుకుని ఫ్రాన్స్‌లో మునీర్ ఇద్రాసీ 2013 నుంచి వెరాక్రిప్ట్ పేరుతో మెరుగుపరుస్తూ వచ్చాడు. పాస్‌వర్డును సరిచూసే లెక్కను ట్రూక్రిప్ట్ వెయ్యి, రెండు వేల సార్లు తిప్పితే, వెరాక్రిప్ట్ లక్షల సార్లు తిప్పుతుంది. బెల్ ల్యాబ్స్ వాళ్లు 1979లో చెప్పిన మందే అది. 2016లో దాన్నీ పరీక్షించారు, దొరికిన పెద్ద లోపాలు చాలావరకు వెంటనే దిద్దారు.

పెద్ద కంపెనీలు మాత్రం తాపీగా వచ్చాయి. విండోస్ 2000లో ఫైళ్లకు తాళం వేసే సదుపాయం ఉంది, ఇళ్లలో వాడే ఎక్స్‌పీ హోమ్‌లో అది లేదు. ఆపిల్ 2003లో ఫైల్‌వాల్ట్ తెచ్చింది, 2011 నుంచి డిస్కు మొత్తానికి విస్తరించింది. మైక్రోసాఫ్ట్ బిట్‌లాకర్ విస్టాతో వచ్చింది, అదీ ఖరీదైన రకాల్లోనే. ఎక్కువ డబ్బు పెట్టి కొన్నవాళ్ల ఫైళ్లకే తాళం అన్న ఈ పద్ధతి ఏళ్లకేళ్లు సాగడం నాకు అన్యాయంగా తోస్తుంది. పోయేది ఎక్కువగా మామూలు ఇళ్లవాళ్ల ల్యాప్‌టాపులే కదా. 2010లో ఇంటెల్ తన ప్రాసెసర్లలోనే ఏఈఎస్ లెక్కకు ప్రత్యేక ఏర్పాటు చేశాక వేగం తగ్గుతుందన్న సాకు పోయింది. 2013లో వచ్చిన విండోస్ 8.1 నుంచి తగిన యంత్రాలకు హోమ్ రకంలోనూ తాళం అందింది. 2024లో వచ్చిన విండోస్ 11 రూపం నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా మొదలుపెట్టిన యంత్రాల్లో అది దానంతటదే పడుతోంది.

ఈ తాళానికీ హద్దు ఉంది. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు దాన్ని చూపించారు. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ చెవి దాని మెమరీ చిప్పుల్లో ఉంటుంది. కరెంటు తీసినా కొన్ని సెకన్ల నుంచి నిమిషాల దాకా ఆ గుర్తులు చెరిగిపోవు, చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు ఉంటాయి. నిద్రలో పెట్టిన ల్యాప్‌టాప్ దొంగచేతిలో పడితే చిప్పుల్లోంచి చెవిని లాగేయవచ్చని వాళ్లు చేసి చూపారు. అందుకే ఊరికెళ్లేటప్పుడు మూత మూస్తే చాలదు, పూర్తిగా ఆపేయాలి. హాంకాంగ్‌లో ఒక సినీ నటుడు బాగుచేయమని ఇచ్చిన కంప్యూటర్‌లోంచి కొట్టులో పనిచేసే వ్యక్తి అంతకు ముందెప్పుడో కాజేసిన ఆ నటుడి సొంత ఫోటోలు అదే ఏడాది ప్రపంచమంతా పాకి, ఎందరో ఆడవాళ్ల బతుకులు అల్లరిపాలయ్యాయి. రిపేరుకిచ్చేముందు డిస్కు తాళం వేసి ఉందో లేదో, పాస్‌వర్డు కొట్టువాడికి ఇవ్వాల్సిన అవసరం నిజంగా ఉందో లేదో ఆలోచించమని నేను అందరినీ బతిమాలేది అందుకే.

మనదేశంలోనూ ఈ తగాదా ఒకసారి తలెత్తింది. 2015 సెప్టెంబరులో కేంద్రం జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా విడుదల చేసింది. ఎన్‌క్రిప్ట్ చేసి పంపిన సమాచారపు మామూలు ప్రతిని పౌరులు సైతం 90 రోజులు దాచి ఉంచాలనీ, అడిగితే చూపాలనీ అందులో ఉంది. తాళం వేసి, పక్కనే తెరిచిన పెట్టె కూడా ఉంచమన్నట్టయింది. దేశమంతా అభ్యంతరం చెప్పేసరికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. అయితే సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్ కింద, నిర్దిష్ట కారణాలతో, అధికారిక ఉత్తర్వు మీద విప్పి చూపమనే అధికారం ప్రభుత్వానికి ఇప్పటికీ ఉంది. కాదంటే ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

అదే 2017 మేలో వానాక్రై వచ్చింది. ఇతరుల ఫైళ్లకు తాళం వేసి, చెవి ఇవ్వడానికి డబ్బు అడిగే దొంగప్రోగ్రాము. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. మనల్ని కాపాడే లెక్కే అక్కడ దొంగ చేతిలో పనిచేసింది. మన డిస్కుకు మనం వేసుకున్న తాళం దీన్ని ఆపలేదు, ఎందుకంటే యంత్రం నడుస్తున్నప్పుడు అది తెరిచే ఉంటుంది. దీనికి ముఖ్యమైన మందు వేరే డిస్కులో ఒక ప్రతి తీసి, యంత్రం నుంచి విడిగా పెట్టడం.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. పట్టాదారు పాసుపుస్తకం స్కాను, ఆధార్, పాన్, పిల్లల పాస్‌పోర్టులు, ఆసుపత్రి రిపోర్టులు, అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పంపిన బ్యాంకు కాగితాలు, అన్నీ ఒకే ఫోల్డరులో, ఒకే కంప్యూటర్‌లో ఉంటున్నాయి. వాటికి తగిన తాళం ఇవాళ చాలామంది యంత్రంలో, అదనంగా పైసా ఖర్చు లేకుండా, సిద్ధంగా ఉంది. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూడండి. మ్యాక్‌లో అదే చోట ఫైల్‌వాల్ట్ ఉంటుంది. మీ పాత యంత్రంలో అవి లేకపోతే వెరాక్రిప్ట్ ఉచితం, ముఖ్యమైన కాగితాల వరకైనా అందులో పెట్టుకోవచ్చు. పాస్‌వర్డు పుట్టినతేదీ, పిల్లల పేర్లు కాకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పెట్టుకోండి.

ఒక్క ప్రమాదం గురించి గట్టిగా హెచ్చరించాలి. ఎఫ్‌బీఐని ఆపిన తాళం మిమ్మల్నీ ఆపుతుంది. చెవి పోతే ఏ కంపెనీ, ఏ నిపుణుడు మీ ఫైళ్లు తిరిగి తేలేరు. విండోస్ 48 అంకెల రికవరీ కీ ఒకటి ఇస్తుంది. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. అంటే కంపెనీ దగ్గరా ఒక చెవి ఉన్నట్టే. అది నచ్చనివాళ్లు వేరే ఏర్పాటు చేసుకోవచ్చు. మామూలు కుటుంబాలకు మాత్రం దొంగ భయంకన్నా చెవి పోగొట్టుకునే భయమే పెద్దదని నా అభిప్రాయం. ఈ ఆదివారం ఆ కీ కాగితం మీద రాసి, పొలం దస్తావేజులున్న చోటే భద్రం చేయండి. ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొక్కరికి చెప్పండి.